యూనిట్ 9: ఆంప్లిఫైయర్ మరమ్మతుకు తక్కువ ధరలో మల్టీమీటర్ ఎంపిక

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 ఆంప్లిఫైయర్ మరమ్మతులో ముఖ్యమైన కొలతలు
9.3 మీటరులో చూడవలసిన లక్షణాలు
9.4 భద్రత
9.5 ధర, కొనుగోలు
9.6 సారాంశం
9.7 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు
9.8 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:

• ఆంప్లిఫైయర్ మరమ్మతులో మల్టీమీటర్‌తో చేయవలసిన కొలతలను వివరించగలుగుతారు.
• కౌంట్లు, విభేదన, ఇన్‌పుట్ నిరోధం కొలతపై చూపే ప్రభావాన్ని లెక్కించగలుగుతారు.
• మీ అవసరానికి, మీ స్తోమతకు తగిన మీటరును ఎంచుకోగలుగుతారు.
• మెయిన్స్, ఛార్జి నిలిచిన కెపాసిటర్ల దగ్గర పాటించవలసిన జాగ్రత్తలను చెప్పగలుగుతారు.

9.1 పరిచయం

గత యూనిట్‌లో పవర్ ఆంప్లిఫైయర్ నిర్మాణాన్ని, పనితీరును తెలుసుకున్నారు. అది చెడిపోయినప్పుడు లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి మొదట కావలసిన సాధనం మల్టీమీటర్. వోల్టేజి, కరెంటు, నిరోధం అనే మూడింటినీ ఒకే పరికరంతో కొలవాలన్న ఆలోచన కొత్తది కాదు. బ్రిటిష్ తపాలా శాఖ ఇంజినీరు డొనాల్డ్ మెకాడీ రూపొందించిన ‘ఆవోమీటర్’ 1923లోనే మార్కెట్‌లోకి వచ్చింది. ఆంపియర్, వోల్ట్, ఓమ్ అనే మాటల మొదటి అక్షరాలు కలిపి దానికి ఆ పేరు పెట్టారు.

నేడు మల్టీమీటర్లు కొన్ని వందల రూపాయల నుంచి లక్ష రూపాయల పైదాకా దొరుకుతున్నాయి. మీరు రోజూ మరమ్మతులు చేసే మెకానిక్ కాకపోవచ్చు. ఇంట్లోని పాత స్టీరియో, ఊరి గుడిలోని మైక్ సెట్, ప్రయోగం కోసం మీరే తయారు చేసుకున్న బోర్డు వంటివి ఏడాదికి రెండు మూడుసార్లు మీ చేతికి రావచ్చు. అలాంటివారికి ఎటువంటి మీటరు సరిపోతుంది?

చాలామంది ఈ ప్రశ్నను మీటరు మీద ఉన్న సదుపాయాల పట్టికతో మొదలుపెడతారు. అది సరైన పద్ధతి కాదు. ముందుగా ఆంప్లిఫైయర్‌లో మనం ఏమి కొలుస్తామో నిర్ణయించుకోవాలి. ఆ జాబితా చాలా చిన్నది. దానికి కావలసిన కచ్చితత్వం చౌక మీటర్లలోనూ ఉంటుంది. చౌక మీటర్లలో తరచుగా కొరవడేది భద్రత. కాబట్టి మీ దగ్గరున్న డబ్బును మొదట దానికే కేటాయించాలి.

9.2 ఆంప్లిఫైయర్ మరమ్మతులో ముఖ్యమైన కొలతలు

9.2.1 సరఫరా వోల్టేజి

మొదట చూడవలసింది పవర్ సప్లై. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ 24-0-24 వోల్టులు అనుకుందాం. రెక్టిఫైయర్, ఫిల్టర్ కెపాసిటర్ల తరవాత ఒక్కొక్క వైపు వచ్చే డీసీ వోల్టేజి:

24 × 1.414 – 0.7 = 33.2 వోల్టులు (సుమారుగా)

గ్రౌండ్‌కు ఒక వైపు +33, మరొక వైపు –33 వోల్టులు ఉండాలి. లోడు లేనప్పుడు ఇది కొంత ఎక్కువగా కనిపించవచ్చు. ఒక వైపు వోల్టేజి పూర్తిగా లేకపోతే ఫ్యూజు, డయోడ్, వైండింగ్‌లను వరసగా పరీక్షించాలి. ఈ కొలతకు ఏ మీటరైనా సరిపోతుంది. ఇక్కడ 33.2కు బదులు 33.5 చూపినా మన నిర్ణయం మారదు.

9.2.2 స్పీకర్ టెర్మినళ్ల వద్ద డీసీ

పాట ఆపి, స్పీకర్ తీసేసి, అవుట్‌పుట్ టెర్మినళ్ల మధ్య డీసీ వోల్టేజి కొలవాలి. దీనిని ఆఫ్‌సెట్ వోల్టేజి అంటారు. ఇది 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే సాధారణంగా ఇబ్బంది లేదు. 100 మిల్లీవోల్టులు దాటితే కారణం వెతకాలి. కొన్ని వోల్టులు కనిపిస్తే లోపం సరిచేసేదాకా స్పీకర్‌ను తగిలించకూడదు.

ఎందుకో లెక్క వేసి చూడండి. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఒకటి షార్ట్ అయితే 35 వోల్టుల సరఫరా నేరుగా స్పీకర్‌కు చేరవచ్చు. 8 ఓముల స్పీకర్ వాయిస్ కాయిల్ డీసీ నిరోధం దాదాపు 6 ఓములు. అప్పుడు కాయిల్‌లో వెలువడే సామర్థ్యం 35 × 35 ÷ 6, అంటే సుమారు 204 వాట్లు. కాయిల్ కొన్ని క్షణాల్లో మాడిపోతుంది. ఒక్క నిమిషం పట్టే ఈ కొలత స్పీకర్‌ను కాపాడుతుంది.

గమనిక: బ్రిడ్జి రకం ఆంప్లిఫైయర్లలో స్పీకర్ నల్ల టెర్మినల్ గ్రౌండ్ కాదు. అందుచేత ఈ కొలతను ఎప్పుడూ రెండు స్పీకర్ టెర్మినళ్ల మధ్యనే తీసుకోండి.

9.2.3 బయాస్ కరెంటు

అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో సిగ్నల్ లేనప్పుడు కూడా ప్రవహించే కొద్దిపాటి కరెంటును బయాస్ కరెంటు అంటారు. ఇది తక్కువైతే ధ్వనిలో విరూపణ వస్తుంది. ఎక్కువైతే ట్రాన్సిస్టర్లు వేడెక్కి చెడిపోతాయి. దీనిని కొలవడానికి వలయాన్ని తెంచి మీటరును సీరీస్‌లో కలపనవసరం లేదు. ఎమిటర్ నిరోధకం మీది వోల్టేజిని కొలిచి, ఓమ్ నియమాన్ని వర్తింపజేస్తే చాలు.

ఉదాహరణ 1: ఎమిటర్ నిరోధకం విలువ 0.22 ఓమ్. దాని మీద 11.0 మిల్లీవోల్టులు కనిపించాయి. బయాస్ కరెంటు ఎంత?

సాధన: 11.0 ÷ 0.22 = 50 మిల్లీ ఆంపియర్లు.

మొత్తం ఆంప్లిఫైయర్ పనిలో మీటరుకు నిజమైన పరీక్ష ఈ కొలతే. మీటరులో మిల్లీవోల్టుల రేంజి ఉందా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది. దీనిని 9.3.1లో వివరంగా చూద్దాం.

9.2.4 డయోడ్, ట్రాన్సిస్టర్ల పరీక్ష

పవర్ ఆంప్లిఫైయర్లలో ఎక్కువగా చెడిపోయేవి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు. మన మార్కెట్‌లో విరివిగా కనిపించే 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 జతను గానీ, పాత బోర్డుల్లోని 2ఎన్3055ను గానీ మీటరు డయోడ్ రేంజిలో పరీక్షించవచ్చు. ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ బేస్ మీద ఎర్ర ప్రోబు, ఎమిటర్ మీద నల్ల ప్రోబు ఉంచితే 0.5 నుంచి 0.7 వోల్టు వరకు చూపాలి. నల్ల ప్రోబును కలెక్టర్ మీదికి మార్చినా అంతే చూపాలి. మిగతా నాలుగు అమరికల్లోనూ మీటరు ‘తెరిచిన వలయం’ అని సూచించాలి. కలెక్టర్–ఎమిటర్ మధ్య రెండు దిశల్లోనూ సున్నాకు దగ్గరగా చూపితే ఆ ట్రాన్సిస్టర్ షార్ట్ అయినట్లే.

బోర్డు మీద ఉండగా తీసిన రీడింగు సూచన మాత్రమే. పక్కనున్న నిరోధకాలు, వైండింగ్‌ల వల్ల అది తప్పుదారి పట్టించవచ్చు. అనుమానం ఉన్నప్పుడు ట్రాన్సిస్టర్‌ను విప్పి మళ్లీ పరీక్షించండి.

9.3 మీటరులో చూడవలసిన లక్షణాలు

9.3.1 కౌంట్లు, విభేదన

మీటరు చూపగలిగే అతి పెద్ద సంఖ్యను బట్టి దానిని 2000 కౌంట్ల మీటరు, 6000 కౌంట్ల మీటరు అని పిలుస్తారు. మూడున్నర అంకెల మీటరు 1999 వరకు చూపుతుంది. ఒక రేంజిలో మీటరు గుర్తించగల అతి చిన్న తేడాను విభేదన అంటారు. 2000 కౌంట్ల మీటరులో 200 మిల్లీవోల్టుల రేంజి విభేదన 0.1 మిల్లీవోల్టు. 2 వోల్టుల రేంజిలో అది 1 మిల్లీవోల్టు.

తయారీదారులు దోషాన్ని రెండు భాగాలుగా ఇస్తారు. ‘±0.5 శాతం, ±2 అంకెలు’ అంటే రీడింగులో అర శాతంతో పాటు చివరి అంకెలో రెండు వరకు తేడా ఉండవచ్చు.

ఉదాహరణ 2: ఉదాహరణ 1లోని 11 మిల్లీవోల్టులను అటువంటి మీటరుతో రెండు రేంజిల్లో కొలిచాం. ఫలితాలను పోల్చండి.

సాధన: 200 మిల్లీవోల్టుల రేంజిలో దోషం 0.055 + 0.2 = 0.255 మిల్లీవోల్టు. కాబట్టి బయాస్ కరెంటు సుమారు 49 నుంచి 51 మిల్లీ ఆంపియర్ల మధ్య ఉంటుంది. 2 వోల్టుల రేంజిలో దోషం 0.055 + 2 = 2.055 మిల్లీవోల్టులు. అప్పుడు బయాస్ 41 నుంచి 59 మిల్లీ ఆంపియర్ల మధ్య ఎంతైనా ఉండవచ్చు.

మీటరు ఒకటే, దోష శాతం కూడా ఒకటే. రేంజి మారగానే కొలతకు విలువ లేకుండా పోయింది. పెట్టె మీద రాసిన శాతం కన్నా, 200 మిల్లీవోల్టుల డీసీ రేంజి ఉండటం ముఖ్యమని దీనివల్ల తెలుస్తోంది. మార్కెట్‌లో అతి చౌకగా దొరికే డీటీ-830 రకం పసుపు మీటరులో కూడా ఈ రేంజి ఉంటుంది.

9.3.2 ఇన్‌పుట్ నిరోధం

వోల్టేజి కొలిచేటప్పుడు మీటరు కూడా వలయంలో ఒక నిరోధకంలా పనిచేస్తుంది. దాని నిరోధం తక్కువైతే కొలవబోయే వోల్టేజినే తగ్గించేస్తుంది.

ఉదాహరణ 3: 30 వోల్టుల సరఫరాకు రెండు 220 కిలో ఓముల నిరోధకాలు సీరీస్‌లో ఉన్నాయి. మధ్య బిందువు వద్ద ఉండవలసినది 15 వోల్టులు. 1 మెగా ఓమ్ మీటరు, 10 మెగా ఓముల మీటరు ఎంత చూపుతాయి?

సాధన: మధ్య బిందువు నుంచి చూస్తే థెవెనిన్ నిరోధం 110 కిలో ఓములు.
1 మెగా ఓమ్ మీటరు: 15 × 1000 ÷ 1110 = 13.5 వోల్టులు.
10 మెగా ఓముల మీటరు: 15 × 10000 ÷ 10110 = 14.8 వోల్టులు.

మొదటి మీటరు పది శాతం దాకా తక్కువ చూపింది. డీటీ-830 రకం మీటర్లలో చాలావాటి ఇన్‌పుట్ నిరోధం 1 మెగా ఓమ్ మాత్రమే. వోల్టుకు 20 కిలో ఓముల సున్నితత్వం గల ముల్లు మీటరు కూడా 50 వోల్టుల రేంజిలో సరిగ్గా 1 మెగా ఓమ్ నిరోధమే చూపుతుంది. అవుట్‌పుట్ దశలో నిరోధాలు తక్కువ కాబట్టి అక్కడ ఈ తేడా కనిపించదు. ప్రీ-ఆంప్లిఫైయర్, టోన్ కంట్రోల్ దశల్లో మాత్రం లేని లోపాన్ని ఉన్నట్లు భ్రమింపజేస్తుంది. ఆటోరేంజి మీటర్లు ఎక్కువగా 10 మెగా ఓములవే. కొనేముందు సూచనల కాగితంలో ఈ విలువ చూసుకోండి.

9.3.3 ఉంటే మంచివి, లేకపోయినా నష్టం లేనివి

కంటిన్యుటీ బజరు: తప్పక ఉండాలి. తెగిన వైరు, ఊడిన సోల్డరు, పోయిన ఫ్యూజులను క్షణంలో పట్టిస్తుంది. కొన్ని పదుల ఓముల లోపు దేనికైనా అది మోగవచ్చని గుర్తుంచుకోండి. మంచి స్థితిలో ఉన్న స్పీకర్ కాయిల్‌కు కూడా మోగుతుంది.

నిజ ఆర్‌ఎంఎస్: సాధారణ మీటరు సగటు విలువను కొలిచి, సైన్ తరంగానికి సరిపడేలా 1.11తో గుణించి చూపుతుంది. మెయిన్స్‌కు, ట్రాన్స్‌ఫార్మర్‌కు అది చాలు. చతురస్ర తరంగం వంటి వాటికే తేడా వస్తుంది. దీని కోసం అదనంగా ఖర్చు చేయనవసరం లేదు.

కెపాసిటెన్స్ రేంజి: ఉంటే ఉపయోగమే. అయితే ఫిల్టర్ కెపాసిటర్లు 4700, 10000 మైక్రో ఫారడ్‌ల వంటి పెద్ద విలువల్లో ఉంటాయి. చాలా చౌక మీటర్లు అంతదాకా కొలవలేవు. పైభాగం ఉబ్బిన కెపాసిటర్‌ను మీటరు లేకుండానే గుర్తించవచ్చు.

హెచ్‌ఎఫ్‌ఈ సాకెట్, ఉష్ణోగ్రత ప్రోబు: ఆంప్లిఫైయర్ పనికి ఇవి దాదాపు అక్కరకు రావు. ఆ సాకెట్‌లో పవర్ ట్రాన్సిస్టర్ కాళ్లు పట్టవు కూడా.

కరెంటు రేంజి: పేరున్న కంపెనీల చిన్న మీటర్లు కొన్నింటిలో ఇది అసలే ఉండదు. బయాస్‌ను వోల్టేజి ద్వారానే కొలుస్తాం కాబట్టి మనకు అది లోపం కాదు. పైగా ఒక ప్రమాదం తప్పుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – I

గమనిక: జవాబులు మీ నోటు పుస్తకంలో రాసి, 9.7లోని సమాధానాలతో పోల్చుకోండి.

1. 0.33 ఓమ్ ఎమిటర్ నిరోధకం మీద 16.5 మిల్లీవోల్టులు ఉన్నాయి. బయాస్ కరెంటు ఎంత?
2. 6000 కౌంట్ల మీటరు 35 వోల్టులను 60 వోల్టుల రేంజిలో కొలుస్తోంది. విభేదన ఎంత?
3. 20 వోల్టుల సరఫరాకు రెండు 100 కిలో ఓముల నిరోధకాలు సీరీస్‌లో ఉన్నాయి. 1 మెగా ఓమ్ మీటరు మధ్య బిందువు వద్ద ఎంత చూపుతుంది?

9.4 భద్రత

9.4.1 కేటగిరీ గుర్తు

మీటరు ముందు భాగంలో ‘క్యాట్ 2 – 600 వోల్టులు’, ‘క్యాట్ 3 – 600 వోల్టులు’ వంటి గుర్తులు ఉంటాయి. ఇవి అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61010 ప్రకారం ఇచ్చేవి. ప్లగ్గుతో సాకెట్‌కు కలిపే పరికరాలకు క్యాట్ 2 వర్తిస్తుంది. ఇంటి డిస్ట్రిబ్యూషన్ బోర్డు, స్థిరమైన వైరింగ్‌లకు క్యాట్ 3 కావాలి. మన మెయిన్స్ 230 వోల్టులు, దాని శిఖర విలువ 325 వోల్టులు. పిడుగు, స్విచ్చింగ్ వల్ల లైనులో క్షణకాలం వేల వోల్టుల ఉప్పెన రావచ్చు. 600 వోల్టుల క్యాట్ 2 మీటరు 4000 వోల్టుల ఉప్పెనను, క్యాట్ 3 మీటరు 6000 వోల్టుల ఉప్పెనను తట్టుకోవాలి.

గుర్తు ముద్రించినంత మాత్రాన నమ్మనవసరం లేదు. సీఈ అనే ముద్ర తయారీదారు స్వయంగా చేసుకునే ప్రకటన. యూఎల్, సీఎస్‌ఏ వంటి ముద్రలు వేరొక సంస్థ పరీక్షించిందని తెలుపుతాయి.

9.4.2 పది ఆంపియర్ల జాక్

కరెంటు రేంజిలో మీటరు నిరోధం దాదాపు సున్నా. ఎర్ర ప్రోబు పది ఆంపియర్ల జాక్‌లో ఉండగా పొరపాటున మెయిన్స్ వోల్టేజి కొలవబోతే, మీటరు ద్వారా నేరుగా షార్ట్ సర్క్యూట్ అవుతుంది. లోపల సరైన ఫ్యూజు ఉంటే అది తెగి ఊరుకుంటుంది. చౌక మీటర్లలో ఆ జాక్ పక్కనే ‘ఫ్యూజు లేదు’ అని ఆంగ్లంలో రాసి ఉంటుంది. అప్పుడు ప్రోబు కొనలు, మీటరులోని రాగి పట్టీలు పేలి చేతులు, కళ్లు గాయపడవచ్చు. ఫ్యూజు ఉన్న మీటరులో కూడా గాజు ఫ్యూజు కన్నా ఇసుక నింపిన పింగాణీ ఫ్యూజు మేలు.

మీ దగ్గర అలాంటి చౌక మీటరే ఉంటే పది ఆంపియర్ల జాక్‌ను టేపుతో మూసివేయండి. మెయిన్స్ వైపు కొలతలకు దానిని వాడకండి.

9.4.3 కెపాసిటర్లలో నిలిచిన ఛార్జి

ప్లగ్గు తీసినా ఫిల్టర్ కెపాసిటర్లలో శక్తి నిలిచి ఉంటుంది. 10000 మైక్రో ఫారడ్‌ల కెపాసిటర్‌లో 35 వోల్టుల వద్ద 6 జౌళ్లకు పైగా శక్తి ఉంటుంది. దానిని స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం మంచి పద్ధతి కాదు. నిప్పురవ్వలు ఎగసి కెపాసిటర్ దెబ్బతినవచ్చు. 470 ఓములు, 5 వాట్ల నిరోధకాన్ని ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో కెపాసిటర్‌కు కలపండి. కాల స్థిరాంకం 470 × 0.01 = 4.7 సెకన్లు. అయిదు కాల స్థిరాంకాలు, అంటే సుమారు 24 సెకన్లలో ఛార్జి దాదాపు పూర్తిగా పోతుంది. తరవాత డీసీ రేంజిలో వోల్టేజి కొలిచి నిర్ధారించుకోండి. ఛార్జి ఉండగా ఓముల రేంజిలో ప్రోబులు పెడితే మీటరే చెడిపోవచ్చు.

వాల్వు ఆంప్లిఫైయర్లలో డీసీ వోల్టేజి 300 నుంచి 500 వోల్టుల వరకు ఉంటుంది. అది ప్రాణాంతకం. తగిన శిక్షణ లేకుండా వాటిని తెరవకండి.

9.4.4 కొలిచే విధానం

• వోల్టేజి ఉందో లేదో చూసేముందు, తెలిసిన సరఫరాపై మీటరును పరీక్షించండి. కొలత అయ్యాక మళ్లీ ఒకసారి పరీక్షించండి.
• వీలైన చోట సరఫరా ఆపి, రెండు ప్రోబులనూ క్లిప్పులతో బిగించి, తరవాత స్విచ్చి వేసి రీడింగు చూడండి. పవర్ ట్రాన్సిస్టర్ కాళ్ల మధ్య ప్రోబు జారితే అది అక్కడికక్కడే పోతుంది.
• ప్రోబు కొన 2 మిల్లీమీటర్లు మాత్రమే బయటికి కనిపించేలా మిగతా భాగానికి ఇన్సులేషన్ తొడగండి.
• మరమ్మతు తరవాత మొదటిసారి స్విచ్చి వేసేటప్పుడు 60 లేదా 100 వాట్ల ఫిలమెంటు బల్బును మెయిన్స్‌తో సీరీస్‌లో కలపండి. బల్బు క్షణం వెలిగి మందగిస్తే మంచిది. ప్రకాశంగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్లు. దీనికి ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. బల్బు ఉండగా బయాస్ సర్దకూడదు, ఎందుకంటే అప్పుడు సరఫరా వోల్టేజి తక్కువగా ఉంటుంది.

9.5 ధర, కొనుగోలు

ధరలు మారుతుంటాయి కనుక ఇక్కడ స్థూలంగా మూడు తరగతులను మాత్రమే చూద్దాం.

మొదటి తరగతి: కొన్ని వందల రూపాయల డీటీ-830 రకం. సెకండరీ వైపు డీసీ వోల్టేజి, ఆఫ్‌సెట్, బయాస్, ట్రాన్సిస్టర్ పరీక్షలకు సరిపోతుంది. కొన్ని నమూనాల్లో బజరు ఉండదు. మెయిన్స్ వైపు నమ్మదగినది కాదు.

రెండో తరగతి: సుమారు వెయ్యి నుంచి రెండు వేల రూపాయల మీటర్లు. వీటిలో చాలావరకు బజరు, 10 మెగా ఓముల ఇన్‌పుట్, ఫ్యూజు ఉన్న జాక్‌లు దొరుకుతాయి. అప్పుడప్పుడు మరమ్మతు చేసేవారికి ఇది తగిన తరగతి.

మూడో తరగతి: నాలుగైదు వేలు, ఆపైన. వేరొక సంస్థ పరీక్షించిన భద్రత, దృఢత్వం కోసం ఈ ధర. ఇంటి వైరింగ్ పని కూడా చేసేవారికి ఇది సమంజసం.

రెండు వేల రూపాయలే ఉన్నాయనుకుందాం. మొత్తం మీటరుకే ఖర్చు చేయకుండా, రెండో తరగతి మీటరు ఒకటి, మంచి ప్రోబుల జత, మొసలి క్లిప్పులు, 470 ఓముల నిరోధకం, సీరీస్ బల్బుకు హోల్డరు కొనుక్కోవడం మేలు. ఖరీదైన మీటరు ఒక్కటే చేతిలో ఉన్నవారికన్నా ఈ సామగ్రి ఉన్నవారు లోపాన్ని త్వరగా, క్షేమంగా పట్టుకోగలుగుతారు.

హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి చోట్ల దుకాణంలోనే మీటరును చూసి కొనవచ్చు. అక్కడే ఈ పరీక్షలు చేయండి:

1. 200 ఓముల రేంజిలో ప్రోబులు కలిపితే అర ఓమ్ లోపు స్థిరమైన విలువ రావాలి. వైర్లు వంచినప్పుడు అంకెలు ఎగిరిపడితే ప్రోబులు మంచివి కావు.
2. బజరు తాకిన వెంటనే మోగాలి.
3. కొత్త 1.5 వోల్టుల సెల్లును కొలిస్తే 1.5 నుంచి 1.65 వోల్టుల మధ్య చూపాలి.
4. రేంజి స్విచ్చి ప్రతి స్థానంలోనూ గట్టిగా నిలవాలి.
5. సూచనల కాగితంలో ఫ్యూజు వివరాలు, ఇన్‌పుట్ నిరోధం ఉన్నాయో లేదో చూడాలి.

కొన్న తరవాత తెర మీద బ్యాటరీ గుర్తు కనిపించగానే బ్యాటరీ మార్చండి. బలహీనమైన బ్యాటరీతో మీటరు తప్పు రీడింగు ఇస్తుంది. ఉండవలసిన దానికన్నా అన్ని వోల్టేజీలూ ఎక్కువగా కనిపిస్తే ఆంప్లిఫైయర్ కన్నా ముందు మీటరు బ్యాటరీనే అనుమానించండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – II

4. పది ఆంపియర్ల జాక్‌లో ప్రోబు ఉంచి మెయిన్స్ వోల్టేజి ఎందుకు కొలవకూడదు?
5. సీరీస్ బల్బు ఆరకుండా ప్రకాశంగా వెలగడం దేనిని సూచిస్తుంది?

9.6 సారాంశం

ఆంప్లిఫైయర్ మరమ్మతులో సరఫరా వోల్టేజి, అవుట్‌పుట్ ఆఫ్‌సెట్, బయాస్, ట్రాన్సిస్టర్ సంధులు అనే నాలుగే ముఖ్యమైన కొలతలు. వీటికి 200 మిల్లీవోల్టుల డీసీ రేంజి, డయోడ్ రేంజి, బజరు, 10 మెగా ఓముల ఇన్‌పుట్ నిరోధం ఉన్న సాధారణ మీటరు చాలు. మెయిన్స్ దగ్గర పనిచేసేటప్పుడు కేటగిరీ గుర్తు, లోపలి ఫ్యూజు, ప్రోబుల నాణ్యత మీ క్షేమాన్ని నిర్ణయిస్తాయి. అందువల్ల అదనపు అంకెలు, సదుపాయాల కన్నా ముందు వీటికి ఖర్చు చేయాలి.

9.7 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు

1. 16.5 ÷ 0.33 = 50 మిల్లీ ఆంపియర్లు.
2. 0.01 వోల్టు.
3. థెవెనిన్ నిరోధం 50 కిలో ఓములు. 10 × 1000 ÷ 1050 = 9.52 వోల్టులు.
4. ఆ జాక్‌లో మీటరు నిరోధం దాదాపు సున్నా కాబట్టి మెయిన్స్ షార్ట్ సర్క్యూట్ అవుతుంది.
5. ఆంప్లిఫైయర్‌లో షార్ట్ ఉందని సూచిస్తుంది.

9.8 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పవర్ ఆంప్లిఫైయర్ మరమ్మతులో మల్టీమీటర్‌తో చేసే ముఖ్యమైన కొలతలను వివరించండి.
2. మీటరు ఇన్‌పుట్ నిరోధం, విభేదన కొలతపై చూపే ప్రభావాన్ని తగిన లెక్కలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఫిల్టర్ కెపాసిటర్‌లోని ఛార్జిని సురక్షితంగా తొలగించే పద్ధతిని రాయండి.
2. క్యాట్ 2, క్యాట్ 3 గుర్తుల మధ్య భేదం తెలపండి.
3. మీ దగ్గర 1500 రూపాయలు ఉన్నాయి. ఆంప్లిఫైయర్ మరమ్మతుకు కావలసిన సామగ్రి జాబితా తయారుచేసి, ప్రతిదాని ఎంపికకు కారణం రాయండి.